బొమ్మ పద్యానికి వంత పాడిందా, పద్యం నోరు నొక్కిందా?

ముందు మీ ప్రశ్నను నా మాటల్లో చెప్పుకుంటాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకు తెలుస్తుంది. శ్రీకాకుళంలో మీరు పదిమంది కలిసి పుస్తకాలు చదువుకుంటారు. ఈసారి ఖలీల్ జిబ్రాన్ 'ది ప్రాఫెట్' మీద తీసిన యానిమేషన్ సినిమా అందరికీ చూపించి, దాని మీద మాట్లాడే పని మీ మీద పడింది. ఆ పుస్తకాన్ని చిన్నప్పుడు మీ నాన్నగారు తెలుగులో చదివి వినిపించారు. సినిమా చూస్తుంటే కొన్నిచోట్ల గొంతు పట్టేసింది, కొన్నిచోట్ల ఒళ్ళు మండింది. "పుస్తకం మీద ప్రేమను పక్కన పెట్టి సినిమాను ఎలా తూచాలి?" అని అడిగారు.

పక్కన పెట్టకండి. ఆ ప్రేమ లేని మనిషి చెప్పే తీర్పుకి విలువేముంది? కాకపోతే ఆ ప్రేమ అసలు దేని మీద అన్నది ఒకసారి తేల్చుకోండి. జిబ్రాన్ పుట్టింది 1883లో, లెబనాన్ కొండల్లో. ఇంట్లో మాట్లాడింది అరబ్బీ. ఈ పుస్తకం రాసింది మాత్రం ఇంగ్లీషులో, అచ్చయింది 1923లో అమెరికాలో. దాన్ని కాళోజీ నారాయణరావు గారు 'జీవన గీత' పేరుతో తెలుగు చేశారు. తర్వాత ఇంకొందరూ చేశారు. మీరు విన్నది వాటిలో ఒకటి, అదీ మీ నాన్నగారి గొంతులో. అంటే మీ దాకా వచ్చేసరికే పుస్తకం రెండు మూడు చేతులు మారింది, ఆ మార్పులన్నీ మీరు మారుమాట లేకుండా ఒప్పుకున్నారు. సినిమావాళ్ళది ఇంకో చెయ్యి. మీ ఒళ్ళు మండిన చోట్లు జిబ్రాన్‌కి అన్యాయం జరిగిన చోట్లా, లేక మీ నాన్నగారి గొంతు వినిపించని చోట్లా? రెండోది సినిమా తప్పు కాదు. ఇది తేల్చుకోవడానికి నాకైతే ఒక సాయంత్రం పట్టింది, మీకూ పట్టొచ్చు.

నా గురించి రెండు మాటలు చెప్పాలి. హైదరాబాద్ స్టూడియోల్లో పద్దెనిమిదేళ్ళు పనిచేశాను. మొదట ఇన్‌బిట్వీనర్‌ని. అంటే పెద్ద ఆర్టిస్టు గీసిన రెండు కీలకమైన బొమ్మల మధ్య వచ్చే కదలికలన్నీ గీసి నింపే కూలీని. తర్వాత స్టోరీబోర్డుకి, అంటే ఏ షాటు తర్వాత ఏ షాటు వస్తుందో ముందే బొమ్మల వరసగా గీసే పనికి వచ్చాను. ఇప్పుడు మా ఇజీనారంలో, అదే విజయనగరంలో, గంటస్తంభానికి దగ్గర్లో పిల్లలకి డ్రాయింగ్ చెబుతున్నాను. సినిమా సమీక్షలు రాసే మనిషిని కాను కాబట్టి నా కొలతలన్నీ బొమ్మలు గీసే బల్ల దగ్గరవే.

అక్కడ చేసిన ఒక తప్పుతో మొదలుపెడతాను. ఒక కంపెనీకి వేమన పద్యాలు పిల్లల వీడియోలుగా చేసిపెట్టాం. 'ఉప్పు కప్పురంబు' నాకు వచ్చింది. మొదటి పాదంలో పద్యం ఏం చేస్తుంది? రెండూ ఒకేలా ఉంటాయి అంటుంది, అంతే. వినేవాడి ఎదుట రెండు తెల్లటి కుప్పలు పెట్టి ఊరుకుంటుంది. రుచి సంగతి రెండో పాదంలో వస్తుంది. నేనేం చేశానంటే, మొదటి పాదం పాడుతుండగానే ఒక పిల్లాడు వేలు ముంచి నాకి మొహం వికారంగా పెట్టినట్టు గీశాను. నవ్వొచ్చే బొమ్మే. ఆఫీసులో చప్పట్లు కూడా కొట్టారు. పండక్కి మా అక్క ఇంటికి వెళ్తే మా మేనల్లుడు ఆ వీడియోనే చూస్తున్నాడు, సౌండ్ తీసేసి! కథంతా తెలిసిపోతూనే ఉంది, ఇక వాడికి పద్యంతో పనేముంది? పద్యం చెప్పకముందే బొమ్మ చెప్పేసింది. ఆ పద్యం ఆటవెలది. ఆటవెలదిలో నాలుగో గణం మొదటి అక్షరానికి యతి పడుతుంది, అంటే అది పాదం మొదటి అక్షరంతో జత కలుస్తుంది. ఏ పాదమైనా పాడి చూడండి, గొంతు అక్కడికి రాగానే ఒక చిన్న మలుపు తీసుకుంటుంది. బొమ్మ మారాల్సింది అక్కడో, పాదం చివరో. నేను పాదం మొదట్లోనే మార్చేశాను. సెకనుకి 24 ఫ్రేములు, పన్నెండు ఫ్రేములు ముందుకి జరిగినా పద్యం చచ్చిపోతుందని ఆ రోజు తెలిసింది.

కాబట్టి నా మొదటి కొలత ఇదే. మాట ముందొచ్చిందా, బొమ్మ ముందొచ్చిందా? ఈ పుస్తకం ప్రేమ, పెళ్ళి, పని లాంటి ఒక్కో విషయం మీద ఒక్కో విడి ఖండిక, సినిమా కూడా అంతే. మీరు మళ్ళీ చూసేటప్పుడు ఏదో ఒక ఖండికను మూడుసార్లు చూడండి. ఒకసారి కళ్ళు మూసుకుని వినండి. ఒకసారి సౌండ్ కట్టేసి చూడండి. మూడోసారి రెండూ కలిపి. సౌండ్ లేకుండా చూసినప్పుడు అంతా అర్థమైపోతే బొమ్మ పద్యాన్ని మింగేసిందన్నమాట. ఏమీ అర్థం కాక, అందంగా మాత్రం ఉంటే గోడకి తగిలించిన క్యాలెండర్. సగం అర్థమై, మిగతా సగం కోసం మీ చెయ్యి దానంతటదే సౌండ్ బటన్ మీదికి వెళ్తే, అది మంచి పని.

రెండో కొలత నాకు ఎక్కువ ఇష్టం. కవిత్వాన్ని గీయమంటే కొత్తవాళ్ళందరూ నామవాచకాలు గీస్తారు. 'చందమామ' అంటే చందమామ, 'పడవ' అంటే పడవ. పద్యం నడిచేది క్రియ మీద. జిబ్రాన్ పిల్లల గురించి రాసిన ఖండిక తీసుకోండి. తల్లిదండ్రులు విల్లు, పిల్లలు ప్రాణమున్న బాణాలు, పైన ఒక విలుకాడు. ఎవడైనా విల్లూ బాణమూ గీసేస్తాడు, పావుగంట పని. కానీ ఆ ఖండిక బరువంతా 'వంగడం'లో ఉంది. విలుకాడి చేతిలో మీరు వంగడం మీకు సంతోషంగానే ఉండనివ్వండి అంటాడు కవి. ఎగిరే బాణాన్ని ఎంత ప్రేమిస్తాడో, కదలక నిలిచే వింటినీ అంతే ప్రేమిస్తాడు అంటాడు. తల్లి నడుం వంగడం కనిపించాలి. ఆ వంపులో నొప్పీ ఆనందమూ కలిసి కనిపించాలి. విల్లు కనిపించకపోయినా నాకు ఫర్వాలేదు.

ఈ రెండు కొలతలతో సినిమాలోకి వద్దాం. మీ గుంపులో చూడనివాళ్ళు ఉంటారు కాబట్టి కొంచెం చెబుతాను. 2014లో వచ్చింది. నిర్మించింది నటి సల్మా హాయెక్. ఆమె తాతగారిది లెబనాన్, ఈ పుస్తకం ఆమెకు ఇంటి పుస్తకం లాంటిది. మొత్తాన్ని నడిపించిన దర్శకుడు రోజర్ అల్లర్స్, 1994లో 'ది లయన్ కింగ్' తీసిన ఇద్దరిలో ఒకరు. పుస్తకంలో 26 విషయాల మీద ఖండికలు ఉంటే సినిమాలో ఎనిమిదే ఉన్నాయి. ఆ ఎనిమిదీ ఎనిమిది రకాల చేతులకి ఇచ్చారు. ఈ ఖండికలను కలుపుతూ ఒక కథ అల్లారు. ముస్తఫా అనే కవి ఏడేళ్ళుగా ఇంట్లోనే నిర్బంధంలో ఉంటాడు. ఇంటి పని చూసే కమిలా, తండ్రి పోయాక మాట మానేసిన ఆమె కూతురు అల్మిత్రా, మొరటు సైనికులు, చివరికి ఓడ.

ఎనిమిది తీర్లు ఉండటాన్ని 'అతుకుల బొంత' అని మీ మిత్రులు తిట్టారన్నారు. నేను ఒప్పుకోను. పుస్తకమే విడి ఖండికలు కదా. మనకి ఇది కొత్తా? హరికథకి పుట్టినిల్లు లాంటి ఊరు మాది. 1919లో ఇక్కడ సంగీత కళాశాల పెడితే మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. హరికథలో దాసుగారు కథ చెబుతూ చెబుతూ ఆగి ఒక పద్యం ఎత్తుకుంటారు. రాగం మారుతుంది, నడక మారుతుంది, కాలి గజ్జె మారుతుంది. పద్యం అయ్యాక మళ్ళీ వచనం, మధ్యలో ఒక పిట్టకథ, జనం నవ్వు, మళ్ళీ పద్యం. 'ఇదేంటి అతుకులేశారు' అని ఎవరూ లేచిపోరు. పోతన పద్యాన్ని దాసుగారు సాగదీసి పాడితే 'భాగవతంలో ఇలా లేదే' అని కూడా ఎవరూ అడగరు. ఎందుకంటే పద్యాన్ని పద్యంగా ఉంచి, చుట్టూ తన ఆట తాను ఆడతాడు. ఈ సినిమా కట్టుబడి సరిగ్గా అదే. ఎనిమిది పద్యాలు, మధ్యలో పిట్టకథ. నా గొడవ అతుకులతో కాదు, పిట్టకథ దారి తప్పడంతో. దాని సంగతి తర్వాత.

ముందు బాగున్నవి. పని గురించిన ఖండిక జోన్ గ్రాట్జ్ చేశారు. ఆవిడది మట్టితో బొమ్మలు వేసే పద్ధతి. మెత్తటి రంగు మట్టిని పలక మీద వేలితో పులుముతూ ఒక బొమ్మ వేస్తారు, ఫొటో తీస్తారు, అదే బొమ్మను చెరిపి, జరిపి తర్వాతి బొమ్మ వేస్తారు. వెనక్కి వెళ్ళడానికి ఉండదు, ముందటి బొమ్మ ఇక లేదు. ఒక్క నిమిషం సినిమాకి ఎన్ని రోజులు వంగి కూర్చోవాలో నాకు తెలుసు, నా మెడ అడగండి. జిబ్రాన్ అక్కడ ఏమంటాడంటే, పని అంటే కంటికి కనబడే ప్రేమ అంటాడు. ఆ మాట వినబడుతున్నప్పుడు తెర మీద కదులుతున్నది ఒక మనిషి వేలి పని. ఏ బొమ్మ వేశారన్నది కూడా నాకు రెండో విషయం. వేసిన తీరే పద్యానికి అర్థం చెప్పేసింది. ఎనిమిదింటిలో నేను మొదట పెట్టేది ఇదే. చాలామంది దీన్ని దాటేసి పోతారు, పాట లేదు కదా.

పెళ్ళి ఖండిక జోవాన్ స్ఫార్‌ది. ఫ్రెంచి కామిక్ ఆర్టిస్టు. కలిసి నిలబడండి కానీ మరీ ఒకరినొకరు ఆనుకుని కాదు, గుడి స్తంభాలు దూరంగా ఉంటేనే కప్పు నిలుస్తుంది అని పుస్తకంలో ఉంది. గుడీ స్తంభాలూ గీస్తారేమోనని భయపడ్డాను. ఆయన ఒక జంటతో టాంగో ఆడించాడు. ఆ నాట్యంలో సొగసంతా ఇద్దరి మధ్య దూరంలోనే ఉంటుంది. దగ్గరికి లాగడం, వదలడం, మళ్ళీ లాగడం. నామవాచకం వదిలి క్రియ పట్టుకోవడమంటే ఇదే.

పిల్లల ఖండిక నీనా పేలీది. ఆవిడ పేరు మనవాళ్ళకి కొంత తెలుసు, 2008లో రామాయణాన్ని సీత వైపు నుంచి యానిమేషన్ చేసింది, అందులో కథ చెప్పేది తోలుబొమ్మల్లాంటి నీడలే. ఇక్కడ మాటలు చదవరు, డేమియన్ రైస్ పాడతాడు. పాట కావడం వల్ల ఒక లాభం ఉంది, మాట సాగుతుంది, బొమ్మకి ఊపిరి తీసుకునే సమయం దొరుకుతుంది. వంగడం గురించి నేను పైన చెప్పింది మనసులో పెట్టుకుని మీరే చూడండి. నా తీర్పు చెబితే మీరు నా కళ్ళతో చూస్తారు.

తిండి ఖండిక బిల్ ప్లింప్టన్ రంగు పెన్సిళ్ళతో చేశాడు. గీత కుదురుగా ఉండదు, వణుకుతూ ఉంటుంది. బాగుంది. అంతకు మించి నేను చెప్పేదేమీ లేదు.

ఇప్పుడు ప్రేమ ఖండిక. చేసింది ఐర్లండ్ దర్శకుడు టామ్ మూర్. గ్లెన్ హాన్సర్డ్, లిసా హానిగన్ పాడారు. అందరూ మెచ్చుకునేది ఇదే, మీ గొంతు పట్టేసింది కూడా ఇక్కడే అన్నారు. నేను మాత్రం ఇక్కడే ఆగిపోయాను. ఎందుకో చెబుతాను, కోప్పడకండి. పుస్తకంలో ఆ భాగం మెత్తటిది కాదు. ప్రేమ మిమ్మల్ని పనల్లా పోగేస్తుంది, నూరుస్తుంది, ఊక పోయేదాకా చెరుగుతుంది, తెల్లగా అయ్యేదాకా విసురుతుంది, పిండిలా పిసుకుతుంది, చివరికి నిప్పుల్లో పెడుతుంది అంటాడు. మీరు శ్రీకాకుళం మనిషి. నూర్పుల రోజుల్లో కళ్ళంలో నిలబడితే ఏమవుతుందో మీకు చెప్పాలా? దుమ్ము కళ్ళలో పడుతుంది, నుసి మెడకి అంటుకుని దురద పెడుతుంది, తూర్పారబడుతుంటే గాలి ఎటు తిరిగితే ఊక అటు మొహాన కొడుతుంది. జిబ్రాన్ ప్రేమను అక్కడ నిలబెట్టాడు. బొమ్మల్లో నాకు ఆ దురద తగల్లేదు. నగిషీ, వంపులు, పసిమి, అన్నీ అద్భుతం. నేను జన్మలో అంత బాగా గీయలేను. కానీ ఊక రాలకుండానే బియ్యం తెల్లబడిపోయాయి. అందం ఎక్కువై పద్యం మెత్తబడింది. మీ గొంతు పట్టేసింది బొమ్మకా పాటకా అన్నది కళ్ళు మూసుకుని వింటే తేలుతుంది. నా పందెం పాట మీద.

పిట్టకథ దగ్గరికి వస్తాను. పుస్తకంలో అల్ ముస్తఫా ఓర్ఫలీస్ అనే నగరంలో పన్నెండేళ్ళు ఓడ కోసం ఎదురుచూస్తాడు, తను పుట్టిన దీవికి తీసుకెళ్ళే ఓడ. అది వచ్చేస్తుంది. ఊరి జనం చుట్టూ చేరి, పోయేముందు మాకు నాలుగు మాటలు చెప్పి పో అంటారు. అంతే కథ. అందులో దుర్మార్గుడు లేడు. ఎవరూ అతన్ని తరమలేదు, ఎవరూ బంధించలేదు. వెళ్ళే వేళ అయింది కాబట్టి వెళ్తాడు. కళింగపట్నం ఒడ్డున సాయంత్రం నిలబడితే లైట్‌హౌస్ అవతల ఏదో పడవ వెళ్ళిపోతూ ఉంటుంది చూడండి, ఎవరి మీదా కోపం రాదు, అయినా మనసు బరువెక్కుతుంది. ఆ పుస్తకం దుఃఖం ఆ జాతిది.

సినిమా ఏం చేసింది? ప్రభుత్వాన్ని తెచ్చింది, సైన్యాన్ని తెచ్చింది, ముస్తఫాను తిరుగుబాటుదారుణ్ణి చేసింది, చివర్లో తుపాకుల ముందు నిలబెట్టింది. ఎందుకు చేశారో నాకు తెలుసు. గంటన్నర సినిమాకి 'తర్వాత ఏమవుతుంది' అనే టెన్షన్ లేకపోతే డబ్బు పెట్టేవాడు దొరకడు. కానీ దుర్మార్గుడు రాగానే చూసేవాడు ఒక పక్షం తీసుకుంటాడు. పక్షం తీసుకున్నవాడు ఇక వినడు, గెలుపు కోసం ఎదురుచూస్తాడు. మరణం గురించిన ఖండిక వచ్చేసరికి మనం దాన్ని వినాలి, కానీ 'వీణ్ణి చంపేస్తారా, వదిలేస్తారా' అని మనసు వేరేచోట ఉంటుంది. పుస్తకంతో పోలిస్తే మారిందని నేను తప్పు పట్టడం లేదు. మార్చిన కథ పద్యాలను వినబడకుండా చేసింది, అది తప్పు. మీ ఒళ్ళు మండిన చోట్లు మీ జాబితాలో చూశాను, దాదాపు అన్నీ ఈ కలిపే కథలోవే.

అదే కథలో ఒక మార్పుకి మాత్రం చేతులెత్తి దణ్ణం పెడతాను. పుస్తకంలో అల్మిత్రా జ్ఞానం తెలిసిన స్త్రీ. మొదటి ప్రశ్న, ప్రేమ గురించి, అడిగేది ఆమే. సినిమాలో ఆమెను మాట్లాడని చిన్నపిల్లను చేశారు. అడగాల్సిన మనిషికే నోరు తీసేశారు! ఇక మిగిలింది వినడమే. తెర మీద ఒకరు అంత శ్రద్ధగా వింటుంటే మనమూ ఒళ్ళు దగ్గర పెట్టుకుని వింటాం. 'పుస్తకంలో ఇలా లేదు' అని కొట్టిపారేసేవాళ్ళకి ఈ ఒక్క మార్పు చూపించండి.

ఇంకో మాట మీ చర్చలో తప్పకుండా వస్తుంది. 'కవిత్వానికి బొమ్మలెందుకు, ఊహకి వదిలేయొచ్చుగా' అని ఎవరో ఒకరు అంటారు. ఈ పుస్తకం విషయంలో ఆ వాదన నిలవదు. జిబ్రాన్ చిత్రకారుడు. పారిస్‌లో బొమ్మలు నేర్చుకున్నాడు, ఈ పుస్తకంలో బొమ్మలు ఆయన వేసుకున్నవే. అయితే ఆ బొమ్మలు చూడండి, పొగమంచులో మనుషుల్లా ఉంటాయి. ఇది ఫలానా వాక్యానికి బొమ్మ అని వేలు పెట్టి చూపించలేరు. ఆయనకి తెలుసు ఎంత గీయాలో.

ఎంత గీయకూడదో చెప్పడానికి మా ఊరి పద్యమే ఉంది. మొన్నామధ్య ఇద్దరు కాలేజీ పిల్లలు గురజాడ 'పూర్ణమ్మ'ను నాలుగు నిమిషాల యానిమేషన్ చేస్తామని స్టోరీబోర్డు పట్టుకొచ్చారు. చివరి పేజీలో అమ్మాయి కోనేట్లో దూకుతుంది, నీటి బుడగలు, తేలుతున్న పూలు. "బాబూ, ఆ చివరి చరణం చదువు" అన్నాను. కళ్ళ కాంతి కలువల్ని చేరింది, నడకల సొంపు హంసల్ని చేరింది, పూర్ణమ్మ దుర్గను చేరింది, అంతే రాశాడాయన. దూకడం అన్న మాట అక్కడ లేదు. గురజాడ చూపించకుండా దాచినదాన్ని వీళ్ళు బుడగలతో సహా బయటపెట్టారు. "మరి ఏం గీయాలండీ?" అన్నారు. కలువలు గీయండి, హంసలు గీయండి, ఆ అమ్మాయిని మాత్రం గీయకండి అన్నాను. వాళ్ళకి నచ్చలేదు. జనానికి అర్థం కాదేమో అని భయం. ఇప్పటికీ ఆ పేజీ మీద మాకు తగువే. నేనే కరెక్ట్ అని గట్టిగా అనలేను కూడా, ఎందుకంటే పూర్ణమ్మ కథ తెలియని పిల్లలు ఇప్పుడు నిజంగానే ఉన్నారు.

ఇక మీ సమావేశం సంగతి. సినిమా మొత్తం చూపించి చర్చ పెడితే అందరూ కథ గురించే మాట్లాడతారు, ముస్తఫాని చంపడం న్యాయమా అన్యాయమా అని. గంట అక్కడే పోతుంది. పని, పెళ్ళి, ప్రేమ, ఈ మూడు ఖండికలు చాలు. ఒక్కోదానికీ ముందు లైట్లు తీసేసి మీ నాన్నగారి చేతనే ఆ భాగం తెలుగులో చదివించండి, ఆయనకి ఓపిక ఉంటే. చదివాక వెంటనే సినిమా వేయకండి, ఒక నిమిషం ఆగండి. ఆ నిమిషంలో ఎవరికి ఏం కనిపించిందో కాగితం మీద రెండు గీతలు గీయమనండి, బొమ్మలు రానివాళ్ళు కూడా. తర్వాత సినిమా ముక్క చూపించండి. అప్పుడు వాళ్ళు పోల్చుకునేది సినిమానీ పుస్తకాన్నీ కాదు, సినిమానీ తమ కాగితాన్నీ.

సబ్‌టైటిల్స్ మాత్రం కట్టేయండి. తెర కింద అక్షరాలు నడుస్తుంటే కళ్ళు అక్కడే పాకుతుంటాయి, బొమ్మా పోతుంది, గొంతూ పోతుంది. ప్రొజెక్టర్ కాస్త మసకగా ఉన్నా సర్దుకోవచ్చు, స్పీకర్ మాత్రం మంచిది తెచ్చుకోండి.